మేడమ్ సి.జె. వాకర్ కేస్ స్టడీ: డబ్బు కూడకముందే మొదలైన దానం

మహిళా సంఘాల సభ్యులకు చిన్న వ్యాపారం ఎలా నడపాలో నేర్పే పని నాది. పచ్చళ్లు, పొడులు, సబ్బులు, తలనూనెలు, ఏది తయారుచేసేవాళ్లైనా మొదట అడిగేది ఫార్ములా గురించే. "మంచి ఫార్ములా ఒకటి చెప్పండి మేడమ్, మిగతాది మేం చూసుకుంటాం" అంటారు. అలా అడిగినవాళ్లకు నేను మేడమ్ సి.జె. వాకర్ కేసు చెప్తాను. ఆమె వందేళ్ల కిందట అమెరికాలో జుట్టు పెరిగే లేపనం అమ్మి పైకొచ్చిన నల్లజాతి వ్యాపారి. ఆమె దగ్గరున్న ఫార్ములా అప్పటికి ఎవరికీ తెలియని రహస్యమేమీ కాదు. గంధకం, వ్యాజలీన్ లాంటి జెల్లీ, ఇంకో రెండు మూడు దినుసులు, కాస్త సువాసన. మాడు మీది పుండ్లకూ చుండ్రుకూ గంధకం పూయడం ఆమె పుట్టకముందు నుంచీ ఉన్న వైద్యమే. ఆ లేపనాన్ని డబ్బా 50 సెంట్లకు అమ్ముతూ వెళ్లి, 1918 నాటికి ఏడాదికి 2 లక్షల 75 వేల డాలర్ల పైచిలుకు అమ్మకాలకు చేరింది. మరి కష్టమంతా ఎక్కడ ఉంది, తెలివంతా ఎక్కడ ఉంది అన్నదే ఈ కేసులో చూడాల్సింది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఆమె కథ ఎక్కడ చదివినా "పేదరాలిగా పుట్టి, కోట్లు గడించి, ఆ తర్వాత దానధర్మాలు చేసింది" అన్న వరసే కనిపిస్తుంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే వరస అలా లేదు. గడించడం, ఇవ్వడం మొదటి నుంచీ కలిసే నడిచాయి. ఒక్కోసారి ఇవ్వడమే ముందు నడిచింది.

పత్తి చేను, బట్టల తొట్టి

1867 డిసెంబరు 23న లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న డెల్టా అనే ఊళ్లో, తర్వాత మేడమ్ వాకర్ అయిన సారా బ్రీడ్‌లవ్ పుట్టింది. తల్లిదండ్రులు ఓవెన్, మినర్వా అక్కడి పత్తి తోటలో బానిసలుగా బతికినవాళ్లు. తన కంటే ముందు పుట్టిన తోబుట్టువులు బానిసత్వంలోనే పుట్టారు. ఆ ఇంట్లో స్వేచ్ఛలో పుట్టిన మొదటి బిడ్డ సారాయే. ఏడేళ్లకే అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. పదేళ్లప్పుడు అక్కాబావలతో నది దాటి విక్స్‌బర్గ్ చేరి ఇళ్లల్లో పనికి కుదిరింది. బావ పెట్టే బాధ పడలేక, తనకంటూ ఓ ఇల్లు ఉంటే చాలనుకుని 14 ఏళ్లకు మోజెస్ మెక్‌విలియమ్స్‌ను పెళ్లాడింది. 1885లో కూతురు లీలియా పుట్టింది. మరో రెండేళ్లకు భర్త చనిపోయాడు. ఇరవై ఏళ్ల వయసు, రెండేళ్ల పిల్ల, మూడు నెలల బడి చదువు. అప్పటికి ఆమె ఆస్తి అంతే.

అన్నలు సెయింట్ లూయిస్‌లో బార్బర్లుగా స్థిరపడ్డారని అక్కడికి వెళ్లింది. అక్కడ పదహారు పదిహేడేళ్లు బట్టలు ఉతికే పని. రోజుకు ఒకటిన్నర డాలరు దాటని కూలి. బానలో నీళ్లు మరగబెట్టడం, క్షారం ఎక్కువున్న సబ్బుతో తొట్టిలో వంగి రుద్దడం, గంజి పెట్టడం, పొయ్యి మీద కాల్చిన ఇస్త్రీపెట్టెతో తోమడం. సబ్బు నురగలో మునిగిన తన చేతులు చూసుకుని, వయసు మీద పడి నడుం వంగనంటే ఏం చేస్తాను అని ఒకరోజు తనను తాను అడిగానని ఆమే పత్రికవాళ్లకు చెప్పింది. ఆ కూలి డబ్బులతోనే లీలియాను బడికి పంపింది, 1902లో టెనెసీలోని నాక్స్‌విల్ కాలేజీలో చేర్పించింది. మధ్యలో జాన్ డేవిస్ అనే అతన్ని పెళ్లి చేసుకుంది. ఆ కాపురం నిలవలేదు.

ఇక్కడ చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. సెయింట్ లూయిస్‌లో ఆమె నల్లజాతి మెథడిస్టుల చర్చి అయిన సెయింట్ పాల్ ఏఎంఈ చర్చిలో సభ్యురాలు. కొత్తగా ఊళ్లోకి దిగిన పేద ఆడవాళ్లకు తోడు నిలిచే చదువుకున్న స్త్రీలు ఆ చర్చిలో ఉండేవారు. వాళ్లను చూసే సారా మాట, నడత నేర్చుకుంది. తోటివాళ్లకు సాయం చేయడం కూడా అక్కడే అబ్బింది. కళ్లు లేని చెల్లెల్ని, మంచం పట్టిన భార్యను సాకుతున్న ఒక ముసలాయన గురించి పేపర్లో చదివి, తనకు తెలిసినవాళ్లందరి దగ్గరికీ వెళ్లి సరుకులూ చిల్లర డబ్బులూ పోగుచేసి ఇచ్చింది. అప్పటికి ఆమె ఉతికే బట్టలు పరాయివాళ్లవి, ఉండేది అద్దె గది. దాతగా ఆమె జీవితం ఇక్కడ మొదలైంది. మొదటి డబ్బా అమ్మడానికి ఇంకా చాలా ఏళ్లుంది.

అమ్మకానికి పనికొచ్చిన జబ్బు

1890ల్లో ఆమె జుట్టు ఊడడం మొదలైంది. అది ఆమె ఒక్కరి బాధ కాదు. అప్పటి నల్లజాతి ఇళ్లల్లో చాలావాటికి నీటి కొళాయి ఉండేది కాదు. తలంటు నెలకోసారి ఉంటే గొప్ప. దానికి తోడు తిండి సరిగ్గా లేకపోవడం, రోజంతా క్షారాల పొగలో పని. మాడు పుండ్లు పడేది, చుండ్రు అట్టలు కట్టేది, జుట్టు కుదుళ్లతో రాలేది. అంటే లక్షల మందికి ఉన్న బాధ, దాన్ని పట్టించుకునే పెద్ద కంపెనీ ఒక్కటీ లేదు. తెల్లవాళ్ల సబ్బుల కంపెనీలకు ఈ ఆడవాళ్లు గిరాకీ లెక్కలోకి రారు.

(మనకు సంబంధించిన చిన్న ముక్క: నల్లజాతి మహిళల కేశ సంరక్షణ ఇవాళ ప్రపంచమంతటా పెద్ద మార్కెట్. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలు వేలంలో అమ్ముడై, విగ్గులూ ఎక్స్‌టెన్షన్లూ అయి చేరే చోట్లలో అదీ ఒకటి. ఏలూరులో జుట్టు చిక్కులు తీసే పని మీద బతికే ఆడవాళ్లకు, వాకర్ ఏజెంట్ల మునిమనవరాళ్లకు మధ్య ఇలా ఓ కనిపించని లావాదేవీ నడుస్తూనే ఉంది.)

తన జుట్టు కోసం సారా ఎన్నో వాడి చూసింది. వాటిలో అనీ టర్న్‌బో అనే ఆవిడ సరుకు కూడా ఉంది. ఈ అనీ, తర్వాత అనీ మెలోన్, ఆ రోజుల్లో సెయింట్ లూయిస్‌లో నల్లజాతి స్త్రీలకు కేశ చికిత్స చేస్తూ, ఇల్లిల్లూ తిరిగి అమ్మే ఏజెంట్లను తయారుచేసుకుంటున్న వ్యాపారి. సారా కొంతకాలం ఆమె దగ్గర ఏజెంటుగా పనిచేసింది. ఈ సంగతి వాకర్ తన ప్రకటనల్లో ఎక్కడా రాయలేదు. తన ఫార్ములా కలలో కనిపించిన ఒక నల్లని పెద్దమనిషి చెప్పాడనీ, అందులో కొన్ని దినుసులు ఆఫ్రికాలో దొరికేవనీ చెప్పుకుంది. అనీ మాత్రం ఇది తన సరుకుకు నకలేనని చెప్పి, నకళ్ల నుంచి కాపాడుకోవడానికి 1906లో "పోరో" అన్న పేరు రిజిస్టర్ చేయించుకుంది.

ఇందులో న్యాయం ఎవరిది అంటారా? గంధకం లేపనం ఇద్దరిలో ఎవరి సొంతమూ కాదు. కానీ ఇల్లిల్లూ తిరిగే ఏజెంట్ల పద్ధతి వాకర్ నేర్చుకున్నది అనీ దగ్గరే. కల కథ నాకు నచ్చదు. ఎవరి దగ్గర పని నేర్చుకున్నామో ఆ పేరు దాచిపెట్టడం మన ఊళ్లలోనూ ఉన్న అలవాటే. అయితే అమ్మకం దృష్టితో చూస్తే ఆ కథ బాగా పనిచేసింది. దేవుడి మీద నమ్మకమున్న కస్టమర్లకు, తమ మూలాలు ఆఫ్రికాలో ఉన్నాయని గుర్తున్నవాళ్లకు అది సూటిగా తగిలింది.

డెన్వర్ నుంచి ఇండియానాపొలిస్ దాకా

1905లో డెన్వర్ వెళ్లింది. చేతిలో రెండు డాలర్లయినా లేవు. వంట పని చేస్తూ, మిగిలిన వేళల్లో తన సరుకు కలుపుకుంటూ అమ్మింది. 1906 జనవరిలో ఛార్లెస్ జోసెఫ్ వాకర్‌ను పెళ్లి చేసుకుంది. ఆయనకు పత్రికల్లో ప్రకటనల పని తెలుసు. అప్పటి నుంచి ఆమె "మేడమ్ సి.జె. వాకర్", డబ్బా మీద "మేడమ్ వాకర్స్ వండర్‌ఫుల్ హెయిర్ గ్రోయర్". నల్లజాతి స్త్రీలను వయసుతో నిమిత్తం లేకుండా పొట్టి పేరుతోనో, "ఆంటీ" అనో పిలిచే దేశంలో, ఆ డబ్బా కొనాలంటే ఎవరైనా సరే "మేడమ్" అని పలకాల్సిందే. ప్రకటనల్లో ఆమె తన ఫొటోలే వేసింది: వాడకముందు పలచగా ఉన్న తల, వాడాక భుజాల మీద పడే జుట్టు. మోడల్‌కు డబ్బులు పోసే పని లేదు, ఆ ముఖం అబద్ధమని అనేవాళ్లూ లేరు.

తర్వాతి రెండేళ్లు దంపతులిద్దరూ దక్షిణాది రాష్ట్రాలు తిరిగారు. రైల్లో నల్లవాళ్లకు వేరే పెట్టె. ఊరు దిగితే చర్చిలో, లాడ్జి (నల్లజాతి సోదర సంఘం) హాల్లో, ఎవరో ఒకరి ఇంటి ముందు గదిలో తల కడిగి, మందు పూసి చూపించడం. కూతురు లీలియా పోస్టులో వచ్చే ఆర్డర్లు చూసుకునేది. 1908లో పిట్స్‌బర్గ్‌లో "లీలియా కాలేజ్" పేరుతో శిక్షణ కేంద్రం పెట్టారు. 1910లో ఇండియానాపొలిస్‌కు మారారు. రైలు మార్గాలు బాగా కలిసే ఊరు, నల్లజాతి పత్రికలున్న ఊరు. అక్కడే ఫ్యాక్టరీ, సెలూన్, ఇల్లు. 1911లో కంపెనీ రిజిస్ట్రేషన్.

ఆ ఊళ్లోనే ఇద్దరు ముఖ్యులు దొరికారు. ఒకరు వకీలు ఫ్రీమన్ రాన్సమ్. లెక్కలు, ఒప్పందాలు, కోర్టు పనులు, ఆవిడ ఖర్చులకు కళ్లెం, అన్నీ ఆయనే. ఇంకొకరు అలిస్ కెల్లీ అనే టీచరమ్మ. ఫ్యాక్టరీ చూసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడు యజమానురాలికి చదువు, ఉత్తరాలు రాసే తీరు నేర్పేది. తనకు రానిది వచ్చినవాళ్లను జీతమిచ్చి పక్కన పెట్టుకోవడం, వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి చిన్నతనం అనుకోకపోవడం... సంఘాల్లో నాయకత్వం చేసే అక్కలకు ఈ ముక్క నేను రెండోసారి కూడా చదివి వినిపిస్తాను.

ఏజెంటు లేకుండా ఆ సరుకు పనిచేయదు

ఇక అసలు విషయం. వాకర్ సిస్టమ్ అంటే ఒక డబ్బా కాదు. వెజిటబుల్ షాంపూతో తరచుగా తలంటుకోవాలి. మాడును బ్రష్‌తో బాగా రుద్దాలి. ఆరాక హెయిర్ గ్రోయర్ పూయాలి. గ్లోసీన్ అనే తేలికపాటి నూనె రాసి, కావాలంటే వేడి చేసిన దువ్వెనతో దువ్వాలి. నా ఉద్దేశంలో రోగం కుదిరింది సగం గంధకం వల్ల, సగం తరచూ తల కడుక్కోవడం వల్ల. అలవాటు మారకుండా డబ్బా ఒక్కటే కొంటే జుట్టు రాలడం ఆగదు, కస్టమర్ మళ్లీ రాదు. అలవాటు మార్చాలంటే ఎవరో ఒకరు ఇంటికి వచ్చి, పక్కన కూర్చుని, చేసి చూపించాలి. మందుల షాపు అలమారాలో పెట్టిన డబ్బా ఆ పని చేయలేదు.

అందుకే ఏజెంటు ఇక్కడ సరుకు మోసే మనిషి మాత్రమే కాదు, సరుకులో ఒక భాగం. శిక్షణ తీసుకున్న ఏజెంటుకు సర్టిఫికెట్ ఇచ్చేవారు. తెల్లటి జాకెట్టూ నల్లటి లంగా వేసుకుని, శుభ్రంగా వెళ్లాలి. తలంటడానికి విడిగా డబ్బులు, డబ్బా అమ్మితే కమిషన్. ఊరు కదల్లేనివాళ్లకు పోస్టులో పాఠాలు. ఆ రోజుల్లో దక్షిణాదిలో నల్లజాతి ఆడవాళ్లకు ఎక్కువగా దొరికే పనులు మూడే: పొలం కూలి, ఇంటి పని, బట్టలు ఉతకడం. వేరే పనిలో నెలంతా చేస్తే వచ్చే డబ్బు ఇందులో ఒక్క వారంలో వస్తోందని వాకర్‌కు ఒక ఏజెంటు రాసిన ఉత్తరం ఉంది. చనిపోయే నాటికి 20 వేల మందికి శిక్షణ ఇచ్చామని కంపెనీ చెప్పుకుంది. ఆ అంకెలో వ్యాపారస్తుల అతిశయం కొంత ఉందనుకున్నా, మిగిలింది చిన్న సంఖ్యేమీ కాదు. 1913లో క్యూబా, జమైకా, హైతీ, కోస్టారికా, పనామా కూడా తిరిగి అక్కడా ఏజెంట్లను చేర్చుకుంది.

మన దగ్గర గొలుసు వ్యాపారాలు చూసినవాళ్లు ఇక్కడ ఓ అనుమానం అడుగుతారు: ఇదీ అలాంటిదేనా? కాదు. గొలుసు వ్యాపారంలో రాబడి కింద మనుషుల్ని చేర్చడంలో ఉంటుంది. వాకర్ ఏజెంటుకు రాబడి తల కడిగితే వస్తుంది, డబ్బా అమ్మితే వస్తుంది. కొనేవాళ్లు బయటివాళ్లు, సరుకు వాడేవాళ్లు. ఎవరైనా డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ గురించి అడిగినప్పుడు ఈ తేడానే చూడమని చెప్తాను.

ఇంకో అపోహ కూడా తీసేయాలి. వేడి దువ్వెన కనిపెట్టింది ఆమేనని చాలామంది రాస్తారు. అది అప్పటికే బజార్లో ఉంది. జుట్టు సాపు చేసి తెల్లవాళ్లలా కనిపించమంటోందన్న విమర్శ ఆమె బతికుండగానే వచ్చింది. నేను జుట్టు పెంచుతాను, సాపు చేయను అని ఆమె జవాబు. ఒంటి రంగు తెల్లబరిచే క్రీములు ఆమె ఉన్నంతకాలం అమ్మలేదు. కంపెనీ "టాన్-ఆఫ్" అనే క్రీము తెచ్చింది ఆమె పోయాకే.

వెయ్యి డాలర్లు

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆగే చోటు ఇది. ఇండియానాపొలిస్‌లో నల్లజాతి యువకుల కోసం వైఎంసీఏ (యువకుల క్రైస్తవ సంఘం) భవనం కట్టాలని 1911లో చందాలు మొదలయ్యాయి. షికాగో వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ ఏ ఊరైనా 75 వేల డాలర్లు పోగుచేస్తే తాను 25 వేలు ఇస్తానని ప్రకటించాడు. ఆ నిధికి వాకర్ 1,000 డాలర్లు రాసింది. ఒక నల్లజాతి స్త్రీ అంత మొత్తం ఇవ్వడం దేశంలో ఎవరూ విననిది. నల్లజాతి పత్రికలన్నీ రాశాయి.

ఇప్పుడు ఆమె లెక్క చూద్దాం. అంతకుముందు ఏడాది, 1910లో, ఆమె రాబడి సుమారు 11 వేల డాలర్లు. ఖర్చులు అందులోంచే పోవాలి. ఫ్యాక్టరీ కొత్తది, కంపెనీ రిజిస్ట్రేషన్ జరిగింది చందా ఇచ్చిన 1911లోనే. అంటే ఏడాది రాబడిలో పదకొండో వంతు ఒక్క చందాకు. ఏ అకౌంటెంటైనా వద్దనే సలహా ఇస్తాడు. అయినా ఇచ్చింది. ఇచ్చింది మంచి మనసుతోనా, వ్యాపార లెక్కతోనా అని తరగతిలో వాదన లేస్తుంది. రెండూ అనే నేను అనుకుంటాను. అప్పటిదాకా ఆమె ఇంటింటికీ తిరిగి మందు అమ్ముకునే ఆవిడ. ఆ చందాతో ఊరి పెద్దల్లో ఒకరైంది. చర్చిల్లో, లాడ్జిల్లో, సంఘాల్లో మాట్లాడనివ్వాలంటే ఆమెకు కావాల్సిన హోదా అదే. ఆ హాళ్లలోనే ఆమె ఏజెంట్లు పుట్టేది.

దాని ఫలితం వెంటనే వచ్చిందనుకోకండి. 1912 ఆగస్టులో షికాగోలో నేషనల్ నీగ్రో బిజినెస్ లీగ్ మహాసభ. అధ్యక్షుడు బుకర్ టి. వాషింగ్టన్, అప్పటి నల్లజాతి నాయకుల్లో అందరికంటే పలుకుబడి గలవాడు. వాకర్‌కు మాట్లాడే అవకాశం ఇమ్మని ఆమె ఊరి పత్రిక యజమాని జార్జ్ నాక్స్ లేచి అడిగాడు. వాషింగ్టన్ విననట్టే వేరేవాళ్లను పిలిచాడు. చివరి రోజు ఆమె తానే లేచి నిలబడింది. నేను దక్షిణాది పత్తి చేల నుంచి వచ్చాను, అక్కడి నుంచి నాకు బట్టల తొట్టికి ప్రమోషన్ వచ్చింది, అక్కడి నుంచి వంటింటికి, ఆ తర్వాత నాకు నేనే ప్రమోషన్ ఇచ్చుకుని జుట్టు సరుకుల తయారీలోకి వచ్చాను, నా సొంత నేలలో నా సొంత ఫ్యాక్టరీ కట్టుకున్నాను అని చెప్పింది. సభ అంతా విన్నది. వాషింగ్టన్ మాత్రం ఆ రోజు ఒక్క మాట అనలేదు.

మరుసటి ఏడాది జులైలో ఆ వైఎంసీఏ భవనం ప్రారంభానికి వాషింగ్టన్ ఇండియానాపొలిస్ వచ్చాడు. బస వాకర్ ఇంట్లోనే. ఆ ఏడాది ఫిలడెల్ఫియా మహాసభలో ఆమెను ఆయనే వేదిక మీదికి పిలిచాడు. తలుపు మూసినవాడే తలుపు తీయడానికి ఏడాది పట్టింది. ఈ మధ్యలో ఆమె వాదులాడలేదు, అలగలేదు, ఆయన నడిపే టస్కీగీ విద్యాసంస్థలో పేద విద్యార్థులకు ఫీజులు కడుతూనే ఉంది.

దానాన్ని ఏజెంట్ల పనిలో కలిపిన తీరు

1917 ఆగస్టులో ఫిలడెల్ఫియాలోని యూనియన్ బాప్టిస్ట్ చర్చిలో వాకర్ ఏజెంట్ల మొదటి జాతీయ సభ జరిగింది. 200 మందికి పైగా వచ్చారు. సొంతంగా వ్యాపారం చేసుకునే ఆడవాళ్లు అంతమంది ఒకచోట చేరడం అమెరికాలో అప్పటికి అరుదు. అక్కడ ఇచ్చిన బహుమతుల మొత్తం 500 డాలర్లు. ఎక్కువ అమ్మినవాళ్లకు, ఎక్కువమంది కొత్త ఏజెంట్లను తెచ్చినవాళ్లకు ఇచ్చారు, అందులో వింతేమీ లేదు. తమ ఊళ్లో దానధర్మాలకు ఎక్కువ ఇచ్చిన ఏజెంట్ల క్లబ్బులకూ బహుమతి పెట్టారు. అమ్మకాల పట్టిక పక్కనే విరాళాల పట్టిక. మా ఏజెంట్లు తమ కోసం మాత్రమే సంపాదించుకోవడం లేదని అందరూ చూడాలన్నది ఆమె ఉద్దేశం. స్థానిక సంఘాల్లో సభ్యులెవరైనా చనిపోతే ఇంటివాళ్లకు కొంత సొమ్ము ఇచ్చే ఏర్పాటు కూడా ఉండేది.

ఇది చదువుతుంటే మన డ్వాక్రా సంఘాల పొదుపు, ఆపద నిధి గుర్తొస్తాయి. తేడా ఒకటుంది. మన సంఘాలు పొదుపు, అప్పులతో మొదలై అమ్మకం వైపు నడిచాయి, ఆమె అమ్మకంతో మొదలుపెట్టి సంఘం కట్టింది. కట్టుబాటు అమ్మకంలోంచి వచ్చినప్పుడు దానికి బయటి అధికారి పర్యవేక్షణ అక్కర్లేదు.

ఆ సభ జరిగింది మామూలు రోజుల్లో కాదు. అంతకుముందు నెలే ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో తెల్లవాళ్ల మూకలు నల్లవాళ్ల ఇళ్లు తగలబెట్టి ఎంతోమందిని చంపాయి. జులై 28న న్యూయార్క్‌లో వేలమంది నల్లజాతీయులు నోరు మెదపకుండా, డప్పు చప్పుడు మాత్రమే వినబడేలా ఫిఫ్త్ అవెన్యూలో నడిచారు. ఆ ఊరేగింపు నడిపినవాళ్లలో వాకర్ ఒకరు. ఆ తర్వాత అధ్యక్షుడు విల్సన్‌ను కలవడానికి వెళ్లిన, న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్ పెద్దల్లోనూ ఉంది. విల్సన్ కలవలేదు, ఆయన సెక్రటరీ ఏదో చెప్పి పంపేశాడు. ఆ వేడిలో జరిగిన ఏజెంట్ల సభ లించింగ్ పేరిట జరిగే మూకహత్యలను ఆపమని అధ్యక్షుడికి టెలిగ్రాం కొట్టింది. తల కడిగి బతికే ఆడవాళ్ల సంఘం దేశాధ్యక్షుణ్ణి నిలదీసిందంటే, ఆ సంఘం కమిషన్ పంచుకోవడానికి మాత్రమే పుట్టలేదని తెలుస్తుంది. 1919 మేలో, చనిపోవడానికి కొన్ని రోజుల ముందు, మూకహత్యల వ్యతిరేక పోరాటానికి, నల్లజాతివాళ్ల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీకి 5,000 డాలర్లు ఇస్తానని ప్రకటించింది.

తేడా కొట్టినవి

అంతా మెచ్చుకోలే అయితే కేస్ స్టడీ అనిపించుకోదు. భర్తతో 1912లో విడాకులయ్యాయి. వ్యాపారం ఎంత పెద్దది కావాలన్న దగ్గరే ఇద్దరికీ పొసగలేదు. ప్రకటనలు నేర్పినవాడు పోటీ సరుకు అమ్మడానికి చూశాడు. అతని పేరు మాత్రం కంపెనీకి ఉండిపోయింది.

రెండోది, అన్నీ ఆమె ఒంటి మీదే నడవడం. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నా ప్రయాణాలు ఆపలేదు. విశ్రాంతి తీసుకోమని డాక్టర్లు చెప్పాక కూడా ఊళ్లు తిరిగింది. 1919 మే 25న, 51 ఏళ్లకే, కన్నుమూసింది. ఏజెంట్లకు ఆమె పేరు, ముఖం, గొంతు అలవాటు. ఆ స్థానంలో నిలబడగలిగే మనిషిని తయారుచేసుకోలేదు. లీలియాకు, తర్వాత ఎలీలియాగా పేరు మార్చుకున్న ఆవిడకు, హార్లెమ్ కళాకారులను చేరదీయడంలో ఉన్న సరదా ఫ్యాక్టరీలో లేదు. రాన్సమ్ ఉన్నంతకాలం పగ్గాలు జారకుండా చూశాడు.

మూడోది, భవనం. హడ్సన్ నది ఒడ్డున ఇర్వింగ్టన్‌లో 1918లో పూర్తయిన విల్లా లెవారో. కట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో లైసెన్సు పొందిన తొలి నల్లజాతి ఆర్కిటెక్ట్ వెర్ట్నర్ టాండీ. పొరుగున ఉన్నవాళ్లు రాక్‌ఫెల్లర్ల లాంటివాళ్లు. మన పిల్లలు చూసి, మనకూ సాధ్యమేననుకోవాలన్నది ఆమె మాట. ఆ మాటలో నిజం ఉంది. లెక్కల పుస్తకంలో మాత్రం అది నడుస్తున్న వ్యాపారం మీద పడ్డ మొయ్యలేని బరువు, అందులో ఆమె ఉన్నది ఏడాది.

ఇక సొంతంగా గడించిన అమెరికా మహిళల్లో "మొదటి మిలియనీర్" అని చాలామంది ఆమెకు ఇచ్చే బిరుదు. తాను ఇంకా మిలియనీర్‌ను కాలేదని ఆమే చెప్పింది, అవ్వాలని ఉందని కూడా అంది. చనిపోయేనాటికి ఆస్తి విలువ సుమారు 6 లక్షల డాలర్లు. ఆ బిరుదు అనీ మెలోన్‌ది అని వాదించేవాళ్లూ ఉన్నారు. అనీ కూడా పెద్ద దాతే. సెయింట్ లూయిస్‌లో అనాథ పిల్లల ఆశ్రమంగా మొదలైన సంస్థకు తర్వాత ఆమె పేరు పెట్టారు. కానీ 1927 నాటి విడాకుల గొడవ, పన్ను బకాయిలు ఆమె వ్యాపారాన్ని కుంగదీశాయి. వాకర్ కథ ఊరూరా తెలిసి, అనీ కథ తెలియకపోవడానికి ఒక కారణం రాన్సమ్ లాంటి మనిషి ఒకరికి దొరకడం, ఇంకొకరికి దొరకకపోవడం అని నా అంచనా.

వీలునామా

వాకర్ వీలునామాలో రెండు రకాల దానాలున్నాయి. ఒకటి, విడిగా రాసిన మొత్తాలు: అనాథాశ్రమాలకు, బడులకు, సంస్థలకు, తెలిసినవాళ్లకు కలిపి దాదాపు లక్ష డాలర్లు. రెండోది, కంపెనీకి ఇకమీదట వచ్చే నికర లాభంలో మూడింట రెండు వంతులు దానాలకు, మిగతా వంతు కూతురికి. మొదటిది చేతికందే సొమ్ము. రెండోది లాభం వస్తేనే ఉంటుంది. 1920ల దాకా పరవాలేదు. 1927లో ఇండియానాపొలిస్‌లో థియేటర్, ఫ్యాక్టరీ, ఆఫీసులతో వాకర్ బిల్డింగ్ లేచింది. తర్వాత మహా మాంద్యం వచ్చింది. అమ్మకాలు పడిపోయాయి, దానాలకు పోవాల్సిన వంతూ అంతే. ఎలీలియా 1931లో చనిపోయింది. విల్లా లెవారో వీలునామా ప్రకారం ఎన్‌ఏఏసీపీకి వెళ్లింది. ఆ గడ్డు రోజుల్లో అంత భవనాన్ని నడపలేక మరుసటి ఏడాది వాళ్లు అమ్మేశారు. కంపెనీ చిన్నదవుతూ 1980ల దాకా నడిచింది.

తరగతిలో ఈ కేసు మీద నేనిచ్చే పని ఇదే: దానం నిబంధనను మీ సంఘం బైలాలో రాయాల్సి వస్తే ఎలా రాస్తారు? లాభంలో వంతు అని రాస్తే చెడ్డ ఏడాదిలో సంఘం బతుకుతుంది, కానీ సాయం అవసరమైనవాళ్లకు కూడా అదే చెడ్డ ఏడాది. ఏటా ఇంత అని ఖాయం చేస్తే దానికి ముందుగా నిధి వెయ్యాలి, మంచి ఏడాదిలో తీసి పక్కన పెట్టాలి. మొదట అందరూ వంతు పద్ధతికే చెయ్యెత్తుతారు. 1930, 31 లెక్కలు బోర్డు మీద రాశాక కొందరు చెయ్యి దించేస్తారు. మొన్న ఒక సంఘం వాళ్లు రెండూ కలిపి రాసుకొచ్చారు: లాభంలో వంతు, అందులో సగం ముట్టుకోకుండా బ్యాంకులో. నాకు నచ్చింది. ఆ సగాన్ని ఏ పరిస్థితిలో తీయొచ్చు, ఎవరి సంతకంతో తీయొచ్చు అన్నది వాళ్లింకా తేల్చుకోవాలి.